నాటు, దేశీ, ఎఫ్1: పెరటి విత్తనం దగ్గర తప్పిపోయిన మాట

తొలకరి నాలుగు చినుకులు రాలితే చాలు, హనుమకొండలో, కాజీపేటలో, కరీంనగర్‌లో మిద్దె మీద తోట పెంచుకునేవాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ‘అక్కా, నాటు బీర గింజలున్నాయా?’ ‘ప్యూర్ దేశీ టమాటా సీడ్స్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్ చేయండి, కొరియర్ చార్జీలు నావే.’ ‘నాన్ జీఎంఓ మాత్రమే కావాలి, హైబ్రిడ్ వద్దు ప్లీజ్.’ జవాబులూ అంతే వేగంగా వస్తాయి. ఒకరు వంద శాతం నాటు అంటారు. ఒకరు హెర్లూమ్ అంటారు. ఇంకొకరు ఆర్గానిక్ అని రాసి పక్కన ఆకుపచ్చ గుండె బొమ్మ పెడతారు.

అడిగేవాళ్ల మనసులో ఉన్న కోరిక మాత్రం ఒక్కటే. ఈ ఏడు కాసిన కాయలోంచి గింజ తీసి వచ్చే ఏడు మళ్లీ వేసుకోవాలి, ప్రతి తొలకరికీ షాపు ముందు నిలబడే పని తప్పాలి. చాలా విలువైన కోరిక అది. చిక్కల్లా, ఆ కోరిక చెప్పడానికి ఫోన్లో వాడుతున్న మాటల్లో ఏ ఒక్కటీ ఆ సంగతిని నేరుగా చెప్పదు. గింజ దాచుకోవచ్చా లేదా అన్న అసలు ప్రశ్న మాటల సందడిలో కొట్టుకుపోతోంది. అమ్మేవాళ్లకు అదే కలిసొస్తోంది.

‘నాటు’నే తీసుకుందాం. ఊళ్లో ఈ మాటకు ఎప్పటి నుంచో ఒక అర్థం ఉంది. షాపులో కొన్నది కాదు, ఈ నేలలో ఏళ్లుగా వేస్తున్నది, ఇంట్లో దాచిన గింజ అని. ఫోన్లోకి ఎక్కాక అదే మాట మెచ్చుకోలు అయిపోయింది. ‘ఊర మాస్’ అన్నట్టే ‘ఊర నాటు’ అంటున్నారు. అసలైనది, రుచి ఉన్నది, మందులు కొట్టనిది అని ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటున్నారు. మెచ్చుకోలుకు కొలత ఉండదు కాబట్టి రంగురంగుల పొట్లం మీద ‘దేశీ’ అని అచ్చేసి అమ్మడం సులువైంది. దేశంలో విత్తనాల అమ్మకాన్ని చూసేది 1966 నాటి విత్తన చట్టం. అందులో ‘నాటు’కు గానీ ‘దేశీ’కి గానీ నిర్వచనం లేదు.

‘హైబ్రిడ్’ది దీనికి తలకిందుల కథ. అది తిట్టు అయిపోయింది. రుచి లేని కూరగాయ ఏదైనా హైబ్రిడే, గుండ్రంగా నిగనిగలాడే టమాటా ఏదైనా హైబ్రిడే. నిజానికి షాపు పొట్లంలో దొరికే ‘పూసా రూబీ’ టమాటా హైబ్రిడ్ కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రెండు టమాటా రకాలను కలిపి, ఆ సంతానాన్ని తరాల పాటు ఏరి, గుణాలు నిలకడకు వచ్చాక రైతుకిచ్చిన రకం అది. ఇంట్లో గింజ తీసి పదేళ్లు వేసుకున్నా తల్లి లాంటి మొక్కే వస్తుంది. ‘హైబ్రిడ్ వద్దు’ అన్న ఒక్క మాటతో అటువంటి రకాన్ని కూడా పక్కన పెట్టేసి, ఎవరో ‘దేశీ’ అని పేరు పెట్టిన ఎఫ్1 (మొదటి తరం హైబ్రిడ్) గింజను మూడింతలు పెట్టి కొనుక్కునే పరిస్థితి వచ్చింది.

‘ఆర్గానిక్’ సంగతి ఇంకా వేరు. అది సాగు పద్ధతికి సంబంధించిన మాట, పుట్టుకకు సంబంధించింది కాదు. ఎఫ్1 విత్తనాన్ని కూడా పేడ ఎరువుతో, వేప కషాయంతో, పూర్తి ఆర్గానిక్ పద్ధతిలో తయారు చేయొచ్చు. ఆ పొట్లం మీద ఆర్గానిక్ అని రాస్తే అబద్ధం కాదు. గింజ దాచుకుందామనుకున్నవాళ్లకు మాత్రం అది పనికిరాదు.

ఇంతకూ ఎఫ్1 అంటే ఏమిటి? సంకరం చేశాక వచ్చే మొదటి తరానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న గుర్తు. గుణాలు తరం నుంచి తరానికి ఎట్లా వస్తాయో చెప్పే మెండెల్ లెక్కలను వివరిస్తూ 1902లో ఇంగ్లండులో విలియం బేట్‌సన్ వాళ్లు దాన్ని వాడుకలోకి తెచ్చారు. రెండు వేర్వేరు వరసల మొక్కలను ఏళ్ల తరబడి విడివిడిగా తీర్చి, చివరికి ఒకదాని పుప్పొడిని ఇంకోదాని పువ్వు మీద పెడితే పుట్టే గింజ ఎఫ్1. ఆ గింజల మొక్కలన్నీ ఒకే ఎత్తు పెరుగుతాయి, ఒకే తీరు కాయ కాస్తాయి, ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. ఆ కాయలోని గింజ మళ్లీ వేశారనుకోండి, తల్లివైపు, తండ్రివైపు గుణాలు విడిపోయి చెల్లాచెదురుగా బయటపడతాయి. ఒక మొక్కకు గుండ్రని కాయ, పక్కదానికి కోల కాయ, ఇంకొకటి పూత రాకముందే తెగులుకు పడిపోతుంది. ఏ విత్తు నాటితే ఆ చెట్టే మొలుస్తుందన్న సామెత ఎఫ్1 గింజ దగ్గర తప్పుతుంది. ‘హైబ్రిడ్ గింజ మళ్లీ మొలవదు’ అని ఫోన్లలో తిరిగే మాట నిజం కాదు. మొలుస్తుంది, కాస్తుంది కూడా. తల్లిలా ఉండదు, అంతే.

కంపెనీ పట్టు అంతా ఇక్కడే ఉంది. ఎఫ్1ను మళ్లీ తయారు చేయాలంటే ఆ తల్లి వరస, ఆ తండ్రి వరస చేతిలో ఉండాలి. అవేమిటో కంపెనీ గుట్టు, బయటికి చెప్పదు. పొట్లం కొన్నవాళ్లకు దక్కేది ఒక్క పంట. పోలీసు అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు, మొక్క స్వభావమే తాళం వేసి పెడుతుంది.

ఈ తేడా చెప్పడానికి తెలుగులో ఇప్పటికే చక్కని మాట ఉంది. వ్యవసాయ శాఖ వాళ్లు, పత్తి, మిరప రైతులు ఏళ్లుగా వాడుతున్నదే: సూటి రకం. తరం మారినా గుణం మారనిది, గింజ దాచుకుని మళ్లీ వేసుకోదగినది సూటి రకం. తరతరాల నాటు రకమైనా, విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకమైనా, ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో ‘హెర్లూమ్’ అంటే మూడు నాలుగు తరాల పాత రకమనే అర్థం వస్తుంది, అంటే పూసా రూబీ లాంటివి అందులో చేరవు. సూటి రకం ఎప్పుడు పుట్టిందన్న దాంతో పని లేదు, మళ్లీ వేస్తే నిలుస్తుందా అన్నదే దాని పరీక్ష. ఇంత పనికొచ్చే మాట రైతు నోట ఉండి, మిద్దె తోటల ఫోన్లలోకి ఎక్కకపోవడం పెద్ద లోటు.

షాపులో పొట్లం చేతికి తీసుకున్నప్పుడు చూడవలసింది ముందువైపు బొమ్మ కాదు. వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది: పంట, రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు, మొలక శాతం, స్వచ్ఛత, బరువు. చట్టం ప్రకారం కనీస మొలక శాతం ఇంత ఉండాలని లెక్క ఉంది. టమాటాకు, వంకాయకు 70, బెండకు 65, మిరపకు, అనపకాయకు (సొరకాయకు) 60. ‘100 పర్సెంట్ జెర్మినేషన్ గ్యారంటీ’ అని ఫోన్లో అమ్మేవాళ్ల మాటను ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే చాలు. ఇక రకం పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్1’ అనో, ‘రీసెర్చ్ హైబ్రిడ్’ అనో ఉంటే ఆ గింజ ఒక్క పంటకే అని అర్థం. ట్యాగు రంగు ఆ విత్తనం ఏ తరగతిదో చెబుతుంది. రకాన్ని పుట్టించిన శాస్త్రవేత్తలు ఇచ్చే బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, దాని నుంచి పండించే ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, ధ్రువీకరణ పొందిన సర్టిఫైడ్ విత్తనానికి నీలం, కంపెనీ తన పూచీ మీద తానే ఇచ్చే లేబుల్ విత్తనానికి లేత ఆకుపచ్చ. కూరగాయల పొట్లాల్లో ఎక్కువగా కనబడేది ఈ చివరిదే. ఎందుకంటే సర్టిఫికేషన్ తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేయించుకోవచ్చు.

గింజల మీద గులాబీ రంగో నీలి రంగో పూత ఉంటే ‘జీఎం సీడ్స్’ (జన్యుమార్పిడి గింజలు) అని భయపడి పారబోసేవాళ్లున్నారు. ఆ రంగుకూ జన్యుమార్పిడికీ సంబంధం లేదు. నేలలో గింజ కుళ్లకుండా శిలీంద్రనాశని పట్టించారని, దాన్ని తినకూడదని చెప్పే హెచ్చరిక అది. చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

‘నాన్ జీఎంఓ’ ముద్ర గురించి కూడా కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన దేశంలో రైతులు వాణిజ్యంగా సాగు చేసుకోవడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, అదీ 2002 నుంచి. బీటీ వంకాయకు 2009లో నిపుణుల సంఘం ఒప్పుకున్నా, 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. ఆ ఆపు ఇప్పటికీ తొలగలేదు. కాబట్టి ఇక్కడ టమాటా, బీర, బెండ పొట్లం మీద ‘నాన్ జీఎంఓ’ అని వేయడం అంటే మంచినీళ్ల సీసా మీద ‘కిరోసిన్ కలపలేదు’ అని రాసినట్టు. అమెరికాలో ఆ ముద్రకు ఒక సందర్భం ఉంది. ఇక్కడ అది భయాన్ని ధరగా మార్చే ముద్ర. అంతకన్నా నష్టం ఇంకోటుంది. జనం దృష్టంతా లేని జీఎం మీద ఉంటే, పొట్లం నిండా ఉన్న ఎఫ్1 మీద ఎవరికీ చూపు ఉండదు.

అమెరికా నుంచి వచ్చిన మాటలు ఇంకా ఉన్నాయి. 2005లో మాన్‌శాంటో కంపెనీ దాదాపు 140 కోట్ల డాలర్లకు సెమినిస్ అనే కూరగాయల విత్తన కంపెనీని కొన్నది. అప్పటిదాకా మాన్‌శాంటో అంటే మక్క, సోయా, పత్తి. ఆ కొనుగోలుతో అమెరికా పెరళ్లలో అందరూ వేసే ‘ఎర్లీ గర్ల్’, ‘సెలబ్రిటీ’ లాంటి టమాటా హైబ్రిడ్లు దాని చేతిలోకి వెళ్లాయి. అక్కడి తోటల వాళ్లు ఇంటర్నెట్‌లో మండిపడ్డారు. జన్యుమార్పిడి తిండిని తిట్టే ‘ఫ్రాంకెన్‌ఫుడ్’ అన్న మాట 1992 నుంచే ఉంది, కంపెనీ పేరును సైతాను పేరుతో కలిపి తిట్టడమూ దానికి తోడైంది. తర్వాత పెద్ద చేపలు చిన్న చేపలను మింగడం ఆగలేదు. 2017లో చైనా ప్రభుత్వ సంస్థ కెమ్‌చైనా సింజెంటాను కొన్నది. 2018లో బేయర్ 6,300 కోట్ల డాలర్లకు మాన్‌శాంటోనే కొనేసింది. పోటీ చట్టాల కోసం బేయర్ తన పాత కూరగాయల విత్తన వ్యాపారాన్ని బీఏఎస్‌ఎఫ్‌కు అమ్మింది. డౌ, డ్యూపాంట్ విత్తన విభాగాలు కలిసి కార్టెవా అయ్యాయి. ప్రపంచంలో అమ్ముడయ్యే విత్తనంలో దాదాపు సగం ఈ నాలుగు కంపెనీలదే.

ఈ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కోపపు మాటలు ఇక్కడికి అచ్చంగా దిగుమతి అయినప్పుడు కొన్ని తప్పు దారి పట్టిస్తాయి. ‘కంపెనీలు విత్తనాలకు పేటెంట్ తీసుకున్నాయి, గింజ దాచుకుంటే జైలే’ అన్నది అట్లాంటిదే. అమెరికాలో మొక్కల మీద పేటెంటు ఉంది, అక్కడి సుప్రీంకోర్టు 2001లో దాన్ని ఖాయం చేసింది. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) మాత్రం మొక్కలకు, విత్తనాలకు, రకాలకు పేటెంటు ఇవ్వకూడదంటుంది. దానికి బదులు 2001లో రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం తెచ్చారు. అందులోని 39వ సెక్షన్ ప్రకారం రక్షణ పొందిన రకమైనా సరే, రైతు దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. 2019లో గుజరాత్‌లో చిప్స్ ఆలుగడ్డ రకం వేశారని పెప్సీకో కొందరు రైతుల మీద కేసులు పెడితే, దేశమంతా గొడవై అదే ఏడాది మే నెలలో వెనక్కి తీసుకుంది. కోట్ల దావా అన్న వార్త ఫోన్లలో ఎంత తిరిగిందో, ఈ 39వ సెక్షన్ గురించి అందులో పదో వంతు తిరిగినా ఎంత ధైర్యంగా ఉండేది!

‘టెర్మినేటర్ సీడ్’ కథ కూడా ఇంతే. 1998లో అమెరికాలో ఒక విత్తన కంపెనీ, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి, పంట గింజ మళ్లీ మొలవకుండా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాయి. ఉద్యమకారులు దానికి టెర్మినేటర్ అని పేరు పెట్టారు. ఆ ఒక్క పేరు ప్రపంచమంతా పాకింది. ఆ వ్యతిరేకత తట్టుకోలేక 1999లో మాన్‌శాంటో దాన్ని మార్కెట్లోకి తేబోమని ప్రకటించింది. మన 2001 చట్టం అటువంటి పద్ధతి ఉన్న రకాలను నమోదు చేయకూడదని రాసి పెట్టింది. మంచి పేరు పడితే మాటకు ఎంత బలముంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అదే మాట పాతికేళ్ల తర్వాత షాపులో కొన్న బెండ గింజ మొలవనప్పుడల్లా వాడటం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. బెండ గింజ మొలవలేదంటే చాలాసార్లు అది పాతబడి ఉంటుంది, ఎండకు మాడి ఉంటుంది, గడువు దాటి ఉంటుంది. అప్పుడు అడగవలసింది లాట్ నంబరు చెప్పి షాపువాణ్ని, వినకపోతే మండల వ్యవసాయ అధికారిని. విత్తనం అమ్మాలంటే 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు మినహాయింపేమీ లేదు.

విత్తనం ఎక్కడో దూరంగా తయారవుతుందని ఉత్తర తెలంగాణ వాళ్లు అనుకోనక్కర్లేదు. దేశంలో హైబ్రిడ్ వరి విత్తనం చాలా భాగం పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల్లోనే పండుతుంది. హుజూరాబాద్, జమ్మికుంట, ఎల్కతుర్తి వైపు యాసంగిలో వెళ్తే ‘ఆడమగ వరి’ మడులు కనబడతాయి. రెండు సాళ్లు మగ, వాటి పక్కన కొన్ని సాళ్లు ఆడ. పూత మీద ఉన్నప్పుడు పొద్దెక్కే వేళ ఇద్దరు మనుషులు మడికి అటొకరు ఇటొకరు నిలబడి పొడవాటి తాడు పట్టి మగ వరి మీదుగా లాగుతారు. పుప్పొడి పొగలా లేచి ఆడ వరి మీద పడుతుంది. కాసేపాగి మళ్లీ లాగుతారు. పూత ఉన్నన్ని రోజులూ ఇదే పని. కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరడం, నీళ్లు పెట్టడం, ముందు మగ వరి కోసేసి తర్వాత ఆడ వరి కోయడం, అంతా రైతు కష్టమే. అయినా ఆ రైతుకు తాను పండిస్తున్నది ఏ హైబ్రిడో తెలియదు. కంపెనీ తరఫున సాగు చేయించే ఆర్గనైజరు తెచ్చిచ్చే సంచి మీద ఉండేది ఒక కోడ్ మాత్రమే. ఒప్పందం చాలాసార్లు నోటిమాటే. పంట దెబ్బతింటే ఎవరిని అడగాలో తెలియదు. ములుగు జిల్లాలో మక్క విత్తనం పండించిన రైతులు 2025లో పరిహారం కోసం రోడ్డెక్కింది ఇందుకే.

కూరగాయల హైబ్రిడ్ విత్తనం ఎక్కువగా కర్ణాటకలో రాణెబెన్నూరు చుట్టుపక్కల తయారవుతుంది. అక్కడ టమాటా మొగ్గను ముందురోజు చిమటాతో విప్పి కేసరాలు తీసేసి, మరునాడు పుప్పొడి అద్దుతారు. ఒక్కో మొగ్గకూ ఒక్కో చెయ్యి. పొట్లం ధరలో ఆ కష్టం ఉంది, ఆ కష్టానికి దక్కే వాటా తక్కువ. ఇప్పుడు రెండు కొసలూ కలిపి చూడండి. విత్తనం పండించే రైతుకు కోడ్ తప్ప పేరు తెలియదు. హనుమకొండలో కొనుక్కునే అక్కకు బ్రాండు తప్ప పేరు తెలియదు. గింజ పుట్టుక తెలిసింది మధ్యలో ఉన్న కంపెనీకే. గింజ మీద పెత్తనం అంటే పేరు మీద పెత్తనమే.

విత్తనం చేతిలో ఉన్నవాడికి పెత్తనం ఉండటం ఈ నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో దొరలు, షావుకార్లు విత్తనాలూ తిండిగింజలూ ‘నాగు’కు ఇచ్చేవాళ్లు. పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలిచి తీసుకునేవాళ్లు. ఆ దోపిడీలో కూడా రైతు ఇంటి గింజ రైతుకు తెలిసిన గింజే. అప్పు తీర్చి, కడుపు కట్టుకుని నాలుగు కుండల గింజ దాచుకుంటే మరుసటేడు నాగు తప్పించుకునే దారి ఉండేది. ఎఫ్1 దగ్గర ఆ దారి కూడా లేదు.

అయితే పెరటి గింజలు పోవడానికి కంపెనీలే కారణమంటే సగమే నిజం. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఎవరినడిగినా మొదట చెప్పేది కోతుల గురించి. అడవులు తరిగి కోతులు ఊళ్ల మీద పడ్డాక చిక్కుడు పాదు, అనప తీగ, గుమ్మడి తీగ వేయడం మానేసిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఒక్క వానాకాలం వేయకపోతే గింజ కుండలో ఉంటుంది. నాలుగు వానాకాలాలు వేయకపోతే ఆ గింజ మొలవదు. పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన చిక్కుడు గింజ, దూలానికి వేలాడదీసిన అనపకాయ బుర్ర, గోడకు పిడకలో అంటించిన గుమ్మడి గింజ, చప్పుడు లేకుండా అట్లా పోయాయి. బతుకమ్మ నాడు గౌరమ్మ కోసం గుమ్మడి పువ్వును దడి మీద తెంపుకునేవాళ్లు ఇప్పుడు బజారులో కొంటున్నారు. పట్నంలో ఇల్లు కట్టుకున్న పిల్లలు మిద్దె మీద వల కట్టి మళ్లీ తోట మొదలుపెట్టేసరికి అమ్మ దగ్గర గింజ లేదు. ఫోన్లో అడగడం అక్కడ మొదలైంది. ఆ ఖాళీలోకే ‘ప్యూర్ దేశీ’ పొట్లాలు వచ్చి కూర్చున్నాయి.

హైబ్రిడ్ అంటే విషం కాదు, అది కూడా చెప్పాలి. బెండలో పూసా సావని అనే మంచి సూటి రకం పల్లాకు తెగులుకు కుప్పకూలింది. తర్వాత పర్భని క్రాంతి, అర్క అనామిక వచ్చాయి. తెగులు మళ్లీ వాటినీ వెతుక్కుంటూ వచ్చింది. నర్సంపేటలో ఎకరం బెండ వేసి రోజూ మార్కెట్‌కు పంపే రైతు హైబ్రిడ్ కొంటే అతని లెక్క అతనికుంది. కాయలన్నీ ఒకే సైజు ఉండాలి, బుట్టలో నలగకూడదు. పది కుండీలున్న ఇంటికి ఆ అవసరాలేవీ లేవు. కాయలు ఒకేసారి రాకుండా రోజుకు రెండొస్తేనే మేలు. ఇంటి తోటకు ఎఫ్1 గింజ వేయాల్సిన అవసరం చాలా తక్కువ.

మరి షాపుల్లో సూటి రకాలు ఎందుకు దొరకవు? ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రారు కాబట్టి. కంపెనీకీ, డీలరుకూ అది గిట్టుబాటు కాదు. అందుకే ఈ పని ప్రభుత్వ సంస్థలది. బెంగళూరు దగ్గరి హెస్సరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ ‘అర్క’ పేరుతో ఇచ్చే రకాల్లో సూటి రకాలు చాలా ఉన్నాయి, చిన్న పొట్లాలు ఆన్‌లైన్‌లో కొంటే పోస్టులో వస్తాయి. అక్కడ కూడా చూసి కొనాలి, అర్క రక్షక్ టమాటా ఎఫ్1 హైబ్రిడే. అర్క వికాస్ సూటి రకం. వంకాయలో భాగ్యమతి, మిరపలో పూసా జ్వాల ఇటువంటివే. వరంగల్‌లో ఉద్యాన శాఖ ఏటా వానాకాలం ముందు పది సూటి రకాల చిన్న పొట్లాలు అమ్మితే మిద్దె తోటల వాళ్లు క్యూ కడతారు. ఆ పని ఎందుకు జరగడం లేదో అడగాలి.

పేరు జనం చేతిలో ఉంటే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజన్లో రాశుల మధ్య నడిస్తే 341, 5531, వండర్ హాట్ అని కంపెనీ అంకెలూ పేర్లే వినబడతాయి. వాటి మధ్య ‘చపాటా’ అన్న పిలుపు వినబడుతుంది. పొట్టిగా, లావుగా టమాటాలా ఉండే కాయ కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. ఎరుపు చిక్కన, కారం తక్కువ. రంగు తీయడానికి, పచ్చళ్లకు గిరాకీ. ఏ కంపెనీ పుట్టించింది కాదు, రైతులే ఏరిన కాయల నుంచి గింజ తీసి దాచుకుంటూ నిలబెట్టారు. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, ఎవరూ గింజ వేసుకోవద్దని అనదు. నిలిచే కాపుదల అంటే ఇట్లా ఉండాలి.

ఇంటర్నెట్ మాటలన్నీ గందరగోళమే అనడం న్యాయం కాదు. ‘ఓపెన్ సోర్స్’ అన్నది కంప్యూటర్ వాళ్ల మాట. 2014లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో కొందరు మొక్కల శాస్త్రవేత్తలు దాన్ని విత్తనాలకు తెచ్చారు. ఈ గింజను ఎవరైనా వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ ఇంకొకరు అదే పని చేయకుండా అడ్డుపడకూడదు అని పొట్లం మీదే రాసి ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మిద్దె మీద తోట పెంచే పిల్లలకు కంపెనీ పట్టు గురించి గంట ఉపన్యాసం కన్నా ఈ ఒక్క మాట ఎక్కువ అర్థమవుతుంది. గింజ గుట్టు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను నేరుగా అడిగిన ఇంటర్నెట్ మాట ఇదొక్కటే.

ఇక గింజ తీయడం. టమాటా తన పువ్వుతో తానే కలుస్తుంది, కాబట్టి రెండు రకాలు కాస్త ఎడంగా ఉంటే ఇంటికి చాలు. బాగా పండిన కాయ పిండి, గుజ్జును రెండు రోజులు గ్లాసులో పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టాలి. వంకాయ కూర వయసులో పనికిరాదు, చెట్టు మీదే పసుపు తిరిగి గట్టిపడాలి. తీగజాతికే జాగ్రత్త ఎక్కువ. సర్టిఫైడ్ విత్తనానికి టమాటా రకాల మధ్య 25 మీటర్లు వదిలితే చాలంటారు, అనప, బీర జాతికి 500 మీటర్లు కావాలి. తేనెటీగ పక్కింటి మిద్దె దాకా పోయి వస్తుంది, పక్కింట్లో ఎఫ్1 ఉంటే మన నాటు తీగ గింజలో అదీ కలుస్తుంది. చాలామంది ‘నాటు గింజే పంపారు కానీ కాయ వేరేగా వచ్చింది’ అని బాధపడేది దీనివల్లే, పంపినవాళ్లు మోసం చేసి కాదు.

దానికి మందు దారం ముక్క. అనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. నాలుగింటికి మిద్దె ఎక్కి, రేపటికి ఆగదు అనిపించే తెల్ల మొగ్గలు చూసుకోవాలి. కింద వేలెడంత పిందె ఉన్నది ఆడది, సన్న కాడ ఉన్నది మగది. రెంటి మూతులూ దారంతో మెల్లగా కట్టేయాలి. చీకటి పడే వేళకు విప్పి, మగ పువ్వు రేకులు తుంచి, లోపలి పసుపు పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్ది, మళ్లీ మూతి కట్టి, కాడకు రంగు దారం గుర్తు పెట్టాలి. ఆ కాయను కూరకు కోయకూడదు. తీగ ఎండి, కాయ తోలు చెక్కలా గట్టిపడి, ఊపితే లోపల గలగలమనే దాకా ఉంచాలి. గింజలు కడిగి, ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి కాగితం పొట్లం కట్టి, దాని మీద రాయాలి: అనపకాయ, పొడుగు రకం, సూటి, చేత్తో కలిపినది, ఎవరింటి నుంచి వచ్చిందో ఆ ఊరి పేరు, గింజ తీసిన నెల, ఏడు.